కాలు బాగున్నవాళ్ళే మింగాల్సిన మాత్ర

బోదకాలు మాత్రలు పంచే ఫిబ్రవరి 10, ఆగస్టు 10 దగ్గర పడ్డాయంటే ఫోన్లలో అదే హెచ్చరిక మళ్ళీ బయలుదేరుతుంది. బోదకాలు మాత్రలు వేసుకోవద్దు, వేసుకున్నవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోతున్నారు, తర్వాత పిల్లలు పుట్టరు, ఇదంతా మన మీద చేస్తున్న ప్రయోగం అని. చదువుకున్న ఇళ్ళలో దీన్ని నమ్మరు. అక్కడ ఇంకో మాట వినిపిస్తుంది: “మా ఇంట్లో ఎవరికీ బోదకాలు లేదు, మాకెందుకమ్మా?” ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి మాత్రలు చేతిలో పెడితే, “సరే, భోంచేసి వేసుకుంటాంలే” అని పుచ్చుకుని టీవీ పక్కన పెడతారు. రెండు రోజుల తర్వాత అవి చెత్తబుట్టలో ఉంటాయి. రిజిస్టరులో మాత్రం ఆ ఇంటికి మందు అందినట్టే ఉంటుంది.

మొదటి పుకారు కన్నా ఈ రెండో మాటే ఎక్కువ చెరుపు చేస్తోందని నా నమ్మకం. బెదిరినవాళ్ళకు నచ్చజెప్పవచ్చు. తనకు అవసరం లేదని తేల్చుకున్నవాళ్ళు అసలు వినరు.

జబ్బు లేదని ఎలా తెలిసింది? కాళ్ళు చూసుకుని చెబుతున్నారు. ఈ జబ్బు, అంటే ఫైలేరియా, కాళ్ళలో బయటపడే నాటికి ఏళ్ళు గడిచిపోయి ఉంటాయి. మన దేశంలో దాదాపు అన్ని కేసులకూ మూలం ఉచరేరియా బాంక్రాఫ్టై అనే పురుగు. ఆడది 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది, మగది అందులో సగం కూడా ఉండదు. గజ్జల్లో, వృషణాల దగ్గర, చంకల్లో ఉండే శోషరస నాళాల్లో చేరి 6 నుంచి 8 ఏళ్ళు బతుకుతాయి. ఆ కాలంలో ఆడపురుగు లక్షలాది పిల్లపురుగులను (మైక్రోఫైలేరియాలను) రక్తంలోకి వదులుతుంది. అవి పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో తలదాచుకుని, రాత్రి 10 దాటాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టేదీ ఆ వేళలోనే. ఫైలేరియా సిబ్బంది అర్ధరాత్రి తలుపు తట్టి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకునేది అందుకే.

ఇన్ని పురుగులు ఒంట్లో ఉంటే రోగనిరోధక శక్తి ఊరుకుంటుందా అని అడుగుతారు. ఊరుకుంటుంది. ఊరుకునేలా పురుగే చేస్తుంది. ఎదురుదాడిని అదుపులో పెట్టే టి కణాలను, మంటను అణిచే ఇంటర్‌ల్యూకిన్-10ను పెంచి ఆతిథేయి శరీరాన్ని మెత్తబరుస్తుంది. దాంతో జ్వరం ఉండదు, వాపు ఉండదు, నొప్పి ఉండదు. పొలం పనికి పోతూ, ఆఫీసుకు పోతూ, బడికి పోతూ ఉంటారు. అలాంటి మగవాళ్ళలో కొందరికి వృషణాల దగ్గర అల్ట్రాసౌండ్ చేస్తే ఉబ్బిన నాళాల్లో పురుగులు మెలికలు తిరుగుతూ తెర మీద కనిపిస్తాయి. “నాకేం లేదు” అనే మనిషిలోనే నాళాలు పాడవడం మొదలైపోయి ఉంటుంది.

ఇప్పుడు రెండో సంగతి. కాలు బాగా వాచిపోయినవాళ్ళ రక్తంలో చాలాసార్లు మైక్రోఫైలేరియాలు దొరకవు. అంటే ఊరంతా దూరం పెట్టే మనిషి నుంచి దోమకు అందేది దాదాపు ఏమీ ఉండదు. జబ్బును ఇంటింటికీ చేరవేసేది కాలు సన్నగా, ఆరోగ్యంగా ఉన్న పొరుగాయన. బోదకాలున్న ఇంటి పిల్లను చేసుకోబోమని సంబంధాలు తప్పించుకునే పెద్దలు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి. మాత్ర కూడా వాచిన కాలు కోసం కాదు, ఆ పొరుగాయన రక్తం కోసం.

ముదిరిన పురుగులన్నీ ఈ మందుకు చావవు. రక్తంలోని మైక్రోఫైలేరియాలు తుడిచిపెట్టుకుపోతాయి, కొన్నాళ్ళకు మళ్ళీ పుడతాయి. అందుకే ఏడాదికొకసారి, పురుగు ఆయుష్షు చెల్లేదాకా ఊరంతా కలిసి వేసుకోవాలి. మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది నిజంగా మింగితేనే దోమకు దొరికే సరుకు తగ్గి గొలుసు తెగుతుంది. మిగతావాళ్ళు వేసుకుంటారులే అని అందరూ అనుకునే వీధిలో ఆ 65 ఎప్పటికీ రాదు.

పుకారు పంచేవాళ్ళు చెప్పే ఒక్క విషయం మాత్రం ఒప్పుకోక తప్పదు. మాత్రలు వేసుకున్నాక కొందరికి నిజంగానే ఒళ్ళు బాగుండదు. జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, వాంతులు, కళ్ళు తిరగడం, ఒక్కోసారి వృషణాల దగ్గర నొప్పి. “ఏమీ కాదు” అని చెప్పి మందు పంచే అధికారులు పుకారుకు తామే ప్రాణం పోస్తున్నారు. ముందే చెప్పిన జ్వరానికి జనం భయపడరు, దాచిన జ్వరానికే భయపడతారు. ఆ బాధకు కారణం చాలావరకు రక్తంలో ఒక్కసారిగా చచ్చిన మైక్రోఫైలేరియాలు. అవి ఎంత ఎక్కువుంటే జ్వరం అంత గట్టిగా వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, పారాసిటమాల్ చాలు. తగ్గకపోతే పీహెచ్‌సీకి వెళ్ళాలి. పరగడుపున వేసుకుంటే వికారం ఇంకా ఎక్కువవుతుంది. నెట్‌లో తిరిగే ప్రమాద హెచ్చరికల్లో కొన్ని ఆఫ్రికాకు చెందినవి. అక్కడి లోవా లోవా, ఆంకోసెర్కా పురుగులు ఒంట్లో ఉన్నవాళ్ళకు ఈ మాత్రల్లోని ప్రధాన మందు డీఈసీ ఇస్తే నిజంగానే ప్రమాదం. ఆ పురుగులు మన దేశంలో లేవు.

ప్రయోగం అన్న ఆరోపణ వింటే బాధేస్తుంది. డీఈసీ 1947లో లెడర్లీ పరిశోధనశాలలో బయటపడింది. అప్పుడు అక్కడి పరిశోధనలకు సారథి 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బోదకాలు తరతరాలుగా పీడించిన గోదావరి గడ్డ మీద పుట్టినవాడి ఆధ్వర్యంలో వచ్చిన మందును అదే గడ్డ మీద అనుమానంగా చూస్తున్నాం. చైనా ఇదే మందును ఉప్పులో కలిపి జనానికి తినిపించింది, 2007 నాటికి జబ్బును వదిలించుకుంది. పక్కనున్న శ్రీలంకలో 2016 నాటికి అది ప్రజారోగ్య సమస్య కాకుండా పోయింది. ప్రపంచంలో 2000 నుంచి ఇలా ఊరంతటికీ మందిచ్చే కార్యక్రమం కింద 900 కోట్లకు పైగా మోతాదులు ఇచ్చారు. సంతానం కలగకపోవడం ఈ మందు వల్ల వచ్చేది కాదు. ఆ భయం ఉన్నవాళ్ళు వృషణాల దగ్గరి నాళాల్లో కాపురముండే పురుగును చూసి భయపడాలి.

మిగతా అపోహలు ఎక్కువ చర్చించాల్సినవి కావు. బోదకాలు తాకితే రాదు, నీళ్ళు తాగితే రాదు, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు రాదు. ఒక్క దోమకాటుతోనూ రాదు, నెలల తరబడి వందల కాట్లు పడాలి. ఇమ్యూనిటీ పెంచే కషాయాలు ఆ పురుగును కదిలించలేవు.

అమావాస్యకూ పున్నమికీ జ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ళలు కట్టి, కాలు ఎర్రబడుతుందనే నమ్మకం దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే దానివల్ల చికిత్స ఆగిపోతోంది. జ్వరం నిజమే, చంద్రుడికి దాంతో పనిలేదు. రక్తనాళాల నుంచి కణజాలంలోకి ఊరే ద్రవంలో రోజుకు దాదాపు 3 లీటర్లు శోషరస నాళాల ద్వారా తిరిగి రక్తంలో కలుస్తుంది. దీన్ని నడిపే గుండె వేరే లేదు. కండరాల కదలిక, నాళం గోడ ముడుచుకోవడం, వెనక్కి పోనివ్వని కవాటాలు, ఇవే ఆధారం. పురుగులు చేరిన చోట నాళం ఉబ్బి, కవాటాలు మూసుకోక, పూడిక పడిన పంటకాలువలా ద్రవం నిలిచిపోతుంది. నిలిచిన చోటికి రోగంతో పోరాడే కణాలు సరిగ్గా చేరవు. కాలివేళ్ళ సందుల్లో ఒరుపు, పగుళ్ళు, చిన్న పుండు ఉంటే చాలు, బ్యాక్టీరియా లోపలికి దిగుతుంది. ఆ జ్వరం బ్యాక్టీరియాది. అలా వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకొంచెం లావవుతుంది, చర్మం గట్టిపడుతుంది.

అంటే కాలు లావు కావడాన్ని ఆపే పని చాలావరకు సబ్బు, మంచినీళ్ళతోనే అవుతుంది. రోజూ కాలు మొత్తం సబ్బుతో మెల్లగా కడగండి. వేళ్ళ మధ్య గుడ్డపీలికతో తుడిచి తడి లేకుండా ఆరనివ్వండి. ఒరుపు ఉంటే ఫంగస్ మందు రాయండి, గోళ్ళు తిన్నగా తీయండి, ఇంట్లోనూ చెప్పులు వేసుకోండి. పడుకునేటప్పుడు మంచం కాళ్ళవైపు ఎత్తు పెట్టుకోండి. కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించుతూ, పాదం గుండ్రంగా తిప్పుతూ ఉండండి. ఆకు పసర్లు, గాట్లు వద్దు. జ్వరమొచ్చి కాలు ఎర్రబడితే వ్యాయామం ఆపి అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఇదే జబ్బు వల్ల వరిబీజం వచ్చిన మగవాళ్ళు సిగ్గుపడి పంచె మాటున దాచుకుంటూ ఏళ్ళు గడపనక్కర్లేదు. అది శస్త్రచికిత్సతో తీసేయగలిగింది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తారు.

మాత్రల విషయానికొస్తే, 2 నుంచి 5 ఏళ్ళ పిల్లలకు 100 మిల్లీగ్రాముల డీఈసీ ఒకటి, 6 నుంచి 14 వాళ్ళకు రెండు, 15 దాటినవాళ్ళకు మూడు. దాంతో పాటు ఆల్బెండజోల్ ఒకటి నమిలి మింగాలి. మూడు మందుల పద్ధతి నడిచే చోట ఐవర్‌మెక్టిన్‌ను ఎత్తు కొలిచి ఇస్తారు, 5 ఏళ్ళలోపు వాళ్ళకు ఇవ్వరు. 2 ఏళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడినవాళ్ళు ఏదీ వేసుకోకూడదు. అన్నం తిన్న వేళకు రమ్మని ఆశా కార్యకర్తకు ముందే చెప్పండి, ఆమె ఎదురుగానే మింగండి. ఆ రోజు ఊళ్ళో లేకపోతే, తప్పిపోయినవాళ్ళ కోసం ఆమె మళ్ళీ వీధిలోకి వచ్చే రోజేదో కనుక్కోండి.