నడకొక్కటే చాలదు

పిల్లల దగ్గరికి అమెరికా వచ్చిన మన పెద్దవాళ్ళకి వ్యాయామమంటే నడకే. నడక మంచిదే. 2011లో పరిశోధకుడు కిర్క్ ఎరిక్సన్ బృందం 120 మంది వృద్ధులను రెండు జట్లు చేసి, ఒక జట్టును వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున నడిపించింది. ఏడాది తిరిగేసరికి వాళ్ళ మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్ళు సాగదీసే కసరత్తులు చేసిన జట్టులో అదే భాగం 1.4 శాతం తగ్గింది.

కానీ నడకతోనే సరిపెట్టుకోకూడదు. 2003లో కోల్కూంబ్, క్రామర్ అనే పరిశోధకులు 18 అధ్యయనాలను కలిపి చూస్తే, నడకలాంటి వాటికి కండరాల కసరత్తు తోడైనచోట మెదడుకు మేలు ఇంకా ఎక్కువగా కనిపించింది. నడక గుండెకూ రక్తప్రసరణకూ పని చెబుతుంది. కండరాల కసరత్తులో పని చేసే కండరం రక్తంలోని చక్కెరను పీల్చుకుంటుంది. మధుమేహం డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పును పెంచుతుంది కాబట్టి, షుగరు మాత్రలు వేసుకునే పెద్దలు ఇంతమంది ఉన్న మన ఇళ్ళల్లో ఇది చిన్న విషయం కాదు.

కండరాల కసరత్తుకు జిమ్ముకే వెళ్ళనక్కర్లేదు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కాస్త ముందుకు జరిగి కూర్చోవాలి. పాదాలు వెనక్కి లాక్కుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, నడుం ముందుకు వంచి లేవాలి. కూర్చునేటప్పుడు ధబ్బున కూలబడకుండా నెమ్మదిగా దిగాలి. పదిసార్లు చేసేసరికి తొడలు పట్టేస్తాయి. మోకాళ్ళ నొప్పులు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టరును అడగాలి.

అన్ని పరిశోధనలూ ఒకేమాట చెప్పడం లేదు. 2022లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 585 మంది పాల్గొన్నారు. వాళ్ళలో ఆరు నెలలు నడకలాంటి వ్యాయామం, కండరాల కసరత్తు రెండూ చేసినవాళ్ళకు కూడా జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా వ్యాయామం మానమని నేను ఎవరికీ చెప్పను. బీపీ, షుగరు అదుపులో ఉండడానికీ, పడిపోకుండా ఉండడానికీ అది పనికొస్తుందన్నదాంట్లో సందేహం లేదు. 65 దాటినవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమతో పాటు రెండు రోజులు కండరాల కసరత్తు, మూడు రోజులు తూలిపోకుండా నిలదొక్కుకునే సాధన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

న్యూయార్కు బ్రాంక్స్‌లో 75 దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం 2003లో వెలువడింది. అందులో డిమెన్షియా తక్కువగా కనిపించింది శారీరక వ్యాపకాల్లో నాట్యం చేసేవాళ్ళలోనే. నాట్యమే కారణమని దీంతో తేలిపోదు. కానీ మన కోలాటం చూడండి: అడుగు, తాళం, ఎదుటివాళ్ళ కోల, జత మారే లెక్క, అన్నీ ఒకేసారి గుర్తుండాలి. ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలారా, ఈసారి ఉగాదికి మన అమ్మానాన్నలను ముందువరస కుర్చీలకే పరిమితం చేయకండి. చేతికి కోలలివ్వండి, పండగయ్యాక కూడా వారం వారం ఆడించండి.