బలహీనమైన కాలికి పని చెప్పిన బడిపంతులు

బొంబాయిలో 1891లో మొదలైన రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీలో మొదటి దశాబ్దాలలో తెల్లదొరల సైనిక జట్లదే రాజ్యం. అదే కప్పును 1950 నుండి 1954 వరకు, వరుసగా ఐదేళ్లు, మన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు గెలుచుకొన్నది. ఆ రోజుల్లో నగర పోలీసు కార్యాలయం పాతబస్తీలోని పురానీ హవేలీలో ఉండేది.

జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఆయన బడిపంతులు. కుర్రవాళ్లకు ఆయన ఒక వింత పోటీ పెట్టేవారు: వాటమైన కాలితో బంతి తన్నకూడదు, రెండవ కాలితోనే ఆడాలి. అలా ఆడి ఆడి ఆ కాలు కూడా బలపడేది.

ఈ సంగతి మమ్మును ఆలోచింపజేసింది. మన ఇండ్లలో చురుకైన బిడ్డను మెచ్చుకొంటాము, వెనుకబడిన బిడ్డను మందలించి ఊరుకొంటాము. సంఘములోనూ బాగా పాడేవారినే మరల మరల పిలుస్తాము. మాట తడబడేవారికి ప్రార్థించే అవకాశమైనా ఇస్తున్నామా?

క్యాన్సరు పీడిస్తున్నా రహీం గారు 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టుకు బంగారు పతకం సాధించిపెట్టారు. మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశారు.

పందెములో పరుగెత్తేవారి క్రమశిక్షణను పౌలు భక్తుడు కొరింథీయులకు గుర్తుచేశాడు. ప్రియులారా, ఈ వారము మీ ఇంటిలో వెనుకబడిన బిడ్డ చేతికి ఒక చిన్న బాధ్యత అప్పగించండి. ఓపికతో ప్రక్కన నిలువండి.