‘అన్నా, దీని రెండో భాగం ఉందా?’
దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో మాయల నవలల వేట

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ (మా ప్రతినిధి): విజయవాడ రోడ్డున వచ్చే బస్సయినా, సాగర్ రోడ్డున వచ్చే బస్సయినా పట్నంలో మొదట అడుగు పెట్టేది ఎల్బీనగర్ పరిసరాల్లోనే. ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల నుంచి పిల్లను చదువుకు పంపే తండ్రి ట్రంకుపెట్టె దించుకునేదీ ఇక్కడే. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా వరసగా కోచింగ్ సెంటర్లు, వాటి వెనక సందుల్లో హాస్టళ్లు. ఒక్కో గదిలో నాలుగు మంచాలు, మంచం కింద పెట్టె, కిటికీకి కట్టిన తీగ మీద ఆరేసిన బట్టలు. గోడకు గ్రూప్స్ పరీక్షల టైంటేబులు.

దిండు కింద మాత్రం వేరే పుస్తకం ఉంటుంది.

లావుపాటి ఇంగ్లీషు నవల. అంచులు నలిగి, అట్ట ఊడి, టేపు వేసి, నాలుగైదు చేతులు మారినది. అందులో మాయలు, మంత్రాలు, వాటి నడుమ ఒక పిల్లా పిల్లవాడి వలపు. వయసొస్తున్న పిల్లల కోసమని రాసిన నవలలు ఇవి. ఒక కథ ఒక పుస్తకంతో అయిపోదు. మూడు, నాలుగు, అయిదు భాగాలుగా సాగుతుంది. చిక్కంతా అక్కడే వస్తున్నది.

మొదటి పుస్తకం ఎలాగో చేతికొస్తుంది. పైబ్యాచి అక్క ఖాళీ చేసి వెళుతూ వదిలేసిపోతుంది, లేదా ఫుట్‌పాత్ మీద గైడ్ల పక్కన కనబడితే కొంటారు. రెండోది అలా రాదు. వెతకాలి. అందుకే సాయంత్రం పూట పాత పుస్తకాల వాడి దగ్గర ఆగిన ఆడపిల్లలు అడిగే మాట ఒకటే: “అన్నా, దీని రెండో భాగం ఉందా?”

మన పెద్దలకూ ఈ గోడు కొత్త కాదు

పిల్లలకు ఇదేం పిచ్చి అనుకునే పెద్దలు ఒకసారి తమ చిన్నతనం తలచుకోవాలి. చందమామ 1947 జులైలో మొదలయింది. 1950లలో దాసరి సుబ్రహ్మణ్యం గారు అందులో ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’ వంటి సీరియళ్లు రాశారు. రాజకుమారుడు సరిగ్గా రాక్షసుడి నోటి ముందు నిలబడే చోట ‘ఇంకా ఉంది’ అని పడేది. మళ్లీ నెల దాకా పోస్టుమాన్ కోసం ఎదురుచూపే. మధ్యలో ఒక సంచిక ఊరికి రాకపోతే ఆ రాజకుమారుడు ఎలా బయటపడ్డాడో ఈనాటికీ తెలియని తాతలు ఉంటారు.

తరువాత వారపత్రికల కాలం. సీరియల్ కాగితాలు చింపి, దారంతో కుట్టి, అట్ట వేసి దాచుకున్న ఇళ్లు ఎన్నో. ఊరికి దగ్గర టౌనులో అద్దె పుస్తకాల షాపు ఉండేది. డిపాజిట్ కట్టి, రోజు లెక్కన అద్దె ఇచ్చి తెచ్చుకునేవారు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ రాసి ఊరూరా జనాన్ని రాత్రిళ్లు దీపం ఆర్పనివ్వకుండా చేసిన సంగతి అందరికీ తెలిసిందే. ఆయన దానికి కొనసాగింపుగా ‘తులసి’ రాశారు. ఆ రెండో పుస్తకమే 1986లో ‘కాష్మోరా’ సినిమా అయింది. అప్పుడూ అద్దె షాపులో మొదటిది ఉంటే రెండోది బయటికి పోయి ఉండేది. షాపువాడు పేరు రాసుకుని “రేపు రామ్మా” అనేవాడు.

కాబట్టి తులసి కోసం తిరిగిన తల్లి, ఇంగ్లీషు నవల కోసం తిరుగుతున్న కూతుర్ని మరీ గట్టిగా కసరడానికి లేదు.

సంధ్య, అమావాస్య, గ్రహణం

ఈ తరహా నవలల్లో పేరుమోసినది అమెరికా రచయిత్రి స్టెఫనీ మేయర్ రాసిన ‘ట్విలైట్’. 2005లో వచ్చింది. రెండోది ‘న్యూమూన్’ 2006లో, మూడోది ‘ఎక్లిప్స్’ 2007లో, నాలుగోది ‘బ్రేకింగ్ డాన్’ 2008లో. అన్నీ కలిపి 10 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయాయి. పేర్లను మన మాటల్లో చెప్పుకుంటే సంధ్య, అమావాస్య, గ్రహణం, తెల్లవారుజాము. వినడానికి పంచాంగంలా ఉన్నా ఏది ముందో ఏది వెనకో పేరును బట్టి తెలియదు. అమావాస్య ముందా, గ్రహణం ముందా అన్నది తెలియక రెండోది అనుకుని మూడోది కొనుక్కునే ప్రమాదం ఉంది. కొనేముందు లోపలి పుటల్లో అచ్చువేసిన ఏళ్లు చూసుకోవడం మేలు.

కథ ఇది. ఎప్పుడూ వాన కురిసే ఫోర్క్స్ అనే చిన్న ఊళ్లో బెల్లా అనే పిల్ల. ఆమె వలచిన ఎడ్వర్డ్ మనిషి కాడు. రక్తం తాగే జాతివాడు. అయితే అతని కుటుంబం మనుషుల జోలికి పోమని ఒట్టు పెట్టుకున్నది. మొదటి పుస్తకం వీళ్లిద్దరి కలయిక. రెండోదాని మొదట్లోనే బెల్లాకు 18 ఏళ్లు నిండుతాయి. పుట్టినరోజు కానుక విప్పుతుండగా కాగితం అంచు తగిలి వేలు తెగుతుంది. ఒక్క చుక్క రక్తం. అది చూసి ఎడ్వర్డ్ తమ్ముడివంటి వాడు ఆమె మీదికి దూకుతాడు. నా దగ్గర ఉంటే ఈ పిల్ల బతకదని ఎడ్వర్డ్ ఆమెను వదిలి వెళ్లిపోతాడు.

ఆ తరువాత రచయిత్రి చేసిన పని చూడాలి. అక్టోబరు అని ఒక పుట. అందులో ఇంకేమీ లేదు. నవంబరు అని ఒక పుట. డిసెంబరు, జనవరి. నెల పేరు తప్ప తెల్ల కాగితమే. అతను పోయాక ఆ పిల్లకు రోజులు ఎలా గడిచాయో అంతకంటె ఎవరు చెప్పగలరు! ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన పాఠకురాలికి సైతం ఆ నాలుగు పుటలు ఇట్టే అర్థమవుతాయి.

అయిదు వందల పుటలు దాటిన పుస్తకంలో కథానాయకుడు చాలామేర కనబడడు. అక్కడ విసుగుపుట్టి వదిలేసే వాళ్లూ ఉంటారు. అతని బదులు జేకబ్ అనే స్నేహితుడు, ఆ ప్రాంతపు ఆదివాసీ తెగ కుర్రవాడు, పాత మోటారు సైకిళ్లు బాగుచేస్తూ ఆమెకు తోడవుతాడు. అతనికీ ఒక రహస్యం ఉంది, తోడేలుగా మారగలడు.

ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. ప్రాణాపాయం వస్తే ఎడ్వర్డ్ గొంతు వినబడుతున్నదని బెల్లా మోటారు సైకిలు వేగంగా తోలుతుంది, కొండ మీంచి సముద్రంలోకి దూకుతుంది. కుర్రవాడు వెళ్లిపోతే పిల్ల బతుకే ఆగిపోవాలా అని విమర్శకులు దులిపేశారు. ఆ విమర్శ న్యాయమైనదే. ఇల్లు విడిచి, ఒంటరిగా, పరీక్షల బరువు మోస్తున్న పదిహేడేళ్ల పిల్ల ఈ భాగం చదువుతున్నప్పుడు పక్క మంచం అక్కయ్య ఒక మాట కలపడం మంచిది.

రెండోదే ఎందుకు చీకటి?

నిజానికి ఇది మేయర్ కనిపెట్టింది కాదు. మన రామాయణంలో రెండోది అయోధ్యకాండ. పట్టాభిషేకం అనుకున్న పొద్దున వనవాసం వచ్చింది. భారతంలో రెండోది సభాపర్వం. రాజసూయం చేసిన చేతులే పాచికలు వేశాయి. మొదటి భాగంలో మనుషులను ప్రేమించడం నేర్పి, రెండో భాగంలో వాళ్లను కష్టాల్లోకి తోయడం కథ చెప్పేవాళ్లకు పాత విద్యే. మొదటి రాత్రి హరికథ విన్నవాడు రెండో రాత్రి తప్పక వచ్చి కూర్చునేది అందుకే.

అయితే ఒక రెండో పుస్తకం మాత్రం దారి మార్చింది. ఇప్పటి పిల్లలు ఎక్కువగా వెతుకుతున్నవాటిలో అదొకటి. సారా జె. మాస్ రాసిన వరసలో మొదటిది 2015లో, రెండోది ‘ఎ కోర్ట్ ఆఫ్ మిస్ట్ అండ్ ఫ్యూరీ’ 2016లో వచ్చాయి. కథానాయిక పేరు ఫేరా. తండ్రి ఓడల వ్యాపారం మునిగి ఇల్లు గడవక, అడవిలో వేటాడి అక్కలిద్దరికీ తిండి పెట్టే పిల్ల. ఆమెకు చదువు రాదు. మొదటి పుస్తకంలో ఒక పరీక్షలో గోడ మీద రాసిన ప్రశ్న చదవలేక ప్రాణాల మీదికి తెచ్చుకుంటుంది.

రెండో పుస్తకంలో ఆమెకు ఎదురయ్యేది రాక్షసులకంటె ముందు మొగుడు కావలసినవాడు. నీ క్షేమం కోసమే అంటూ టామ్లిన్ ఆమెను ఇంట్లో పెట్టి బయటికి పోనివ్వడు. ఆమె ఆ ఇల్లు విడిచిపెడుతుంది. మొదటి పుస్తకంలో దుర్మార్గుడిలా కనిపించిన రైసాండ్ కోటకు చేరుతుంది. అక్కడ అతను ఆమెకు చేసిన మొదటి మేళ్లలో ఒకటి, కాగితం మీద వాక్యాలు రాసిచ్చి దిద్దించడం. చదవడం, రాయడం నేర్పించడం! వేలిముద్ర వేసే అమ్మ ఉన్న ఇంటి నుంచి వచ్చిన పిల్లకు ఆ పుటలు ఊరికే పోవు.

అచ్చు విషయంలో ఒక హెచ్చరిక. ఈ వరసను మొదట వయసొచ్చే పిల్లల పుస్తకాలుగానే అమ్మారు. 2020లో ప్రచురణకర్తలు కొత్త అట్టలు వేసి పెద్దల పుస్తకాలుగా మార్చారు. కారణం ఉన్నది. రెండో భాగంలో శృంగారం పచ్చిగానే ఉంటుంది. 18 నిండనివారి చేతికి ఇవ్వదగినది కాదు. అట్ట మీద పువ్వులూ కిరీటాలూ చూసి పెద్దలు మోసపోకూడదు.

ఇంగ్లీషుకు ఇది పనికొస్తుందా?

తెలుగు మీడియంలో చదివిన పిల్లకు మొదటి పుస్తకం కొండ ఎక్కినట్టే. పుటకు పది మాటలు తెలియవు. పేర్లు నోరు తిరగవు. రెండోదానికి వచ్చేసరికి మనుషులు తెలుసు, ఊరు తెలుసు, రచయిత్రి మళ్లీ మళ్లీ వాడే మాటలు తెలుసు. కథ తెలిసినవాడికి పాట అర్థమైనట్టు, చదువు సాగుతుంది. అమెరికా భాషా నిపుణుడు స్టీఫెన్ క్రాషెన్ ఈ మాట 1981లోనే చెప్పాడు. కొత్త భాష నేర్చేవారు పది రకాలు ముట్టుకోకుండా ఒక రచయితను పట్టుకుని, ఒక వరసను పట్టుకుని చదివితే త్వరగా పట్టుబడుతుందని ఆయన సలహా. ఈ లెక్కన రెండో భాగం దొరకకపోవడం అంటే పిల్ల ఇంగ్లీషు సరిగ్గా ఊపందుకునే చోట ఆగిపోవడమే.

వెతికేదెక్కడ?

దిల్‌సుఖ్‌నగర్ పేవ్‌మెంట్ మీద పరీక్షల పుస్తకాలదే రాజ్యం. నవలలు దొరికినా అందులో దొంగ అచ్చులు ఉంటాయి. కాగితం పలచగా, అక్షరం మసకగా ఉంటుంది. పుటలు తారుమారై, ఒక్కోసారి చివరి పదహారు పుటలు లేకుండా వస్తాయి. ఇవి చట్టరీత్యా నేరం, చదివేవాళ్లకూ నష్టం. కొనేటప్పుడు చివరి పుట దాకా తిప్పి చూసుకోవాలి.

ఎల్బీనగర్ దాకా మెట్రో రైలు 2018 సెప్టెంబరు 24న వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కితే ముసారాంబాగ్, న్యూమార్కెట్, మలక్‌పేట, ఎంజీబీఎస్ దాటి అయిదో స్టేషను ఉస్మానియా మెడికల్ కాలేజి. అక్కడ దిగితే కోఠి. పాత పుస్తకాల దుకాణాలు ఉన్నాయి. ఆదివారం పూట ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు నేల మీద పరిచే పుస్తకాలు మరీ ఎక్కువ. పొద్దున్నే పోయినవాళ్లకు మంచివి దక్కుతాయి. చదవడం అయ్యాక తిరిగి అమ్మితే కొంత డబ్బు చేతికొస్తుంది. దానితో మూడో భాగం చూసుకోవచ్చు.

మరి ఊళ్లో ఉండిపోయిన పిల్ల సంగతి? ఆమెకు మెట్రో లేదు, ఆబిడ్స్ లేదు. సెలవుల్లో అక్క తెచ్చిన మొదటి పుస్తకం చదివి కూర్చుంటుంది. ఊరి గ్రంథాలయంలో దానం వచ్చిన పుస్తకాలు ఎక్కువ. దానం ఇచ్చేవాళ్లు వరస చూసి ఇవ్వరు. తెలుగు నవలల్లోనే ఒకదానికి మొదటి సంపుటం ఉంటే మరోదానికి మూడోది మాత్రమే ఉంటుంది.

ఇక్కడ గ్రామస్తులు ఎరగవలసిన లెక్క ఒకటుంది. గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పన్ను రసీదు తీసి చూస్తే కనబడుతుంది. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసినది, పుస్తకాలు కొనవలసినది. కాబట్టి ఫలానా పుస్తకం రెండో భాగం తెప్పించండి అని అడగడం బిచ్చం కాదు. నోటిమాటగా కాకుండా పుస్తకం పేరు, రచయిత పేరు, ఎన్నో భాగమో కాగితం మీద రాసి, నలుగురు పాఠకులు సంతకాలు పెట్టి గ్రంథపాలకుడికి ఇస్తే పై ఆఫీసుకు పంపడానికి ఆయనకూ ఒక ఆధారం ఉంటుంది. ఆ జాబితాలో ఇంగ్లీషు నవలతో పాటు ‘తులసి’ని కూడా చేర్చవచ్చు. మొదటిది చదివి ఆగిపోయిన అమ్మలు ఊళ్లో ఇంకా ఉన్నారు.

డిసెంబరులో ఇందిరాపార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన జరుగుతూ వస్తున్నది. గ్రూప్స్ నోటిఫికేషన్ ఆ నెలలో పడకపోతే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల పిల్లలు గుంపుగా వెళతారు. పడితే నలుగురి జాబితా ఒకర్తె చేతిలో పెట్టి పంపిస్తారు.