ఫిన్లండు దేశపు ఉమ్మడి స్నానశాల

ఫిన్లండు దేశమందలి టాంపెరె నగరమున నడిశీతకాలపు పగలు ఐదారు గంటలకు మించదు. సరస్సులు గడ్డకట్టును. ఇట్టి దినములలో మనుష్యుడు ఇంటిమూల ముడుచుకొని యొంటరి యగుట సులభము. దీనికి అచ్చటివారి విరుగుడు ‘సౌనా’ యను ఆవిరిస్నానశాల.

ఆ నగరమున పిస్పాల పేటలోని రాయపోర్టి సౌనా 1906లో నెలకొల్పబడెను. ఆ దేశమున నేటికిని వాడుకలోనున్న సార్వజనిక సౌనాలలో ఇదియే మిక్కిలి పాతది. 1989లో స్థానికులు సంఘముగా నేర్పడి దాని నిర్వహణభారమును వహించిరి.

ఇచ్చట పెద్ద పొయ్యిలో కట్టెలు మండించి రాళ్లను కాచెదరు. వానిపై నీరు చల్లినంతనే ఆవిరి లేచును. అది చర్మమును తాకి మరల నీరగునపుడు తనలోని గుప్తోష్ణమును విడుచును; కావుననే వేడి యొక్కమారుగా హెచ్చినట్లు తోచును. పిమ్మట స్త్రీలును పురుషులును తమతమ గదులనుండి వెలువడి, ఉమ్మడి ముంగిట చలిలో కూర్చుండి, దేహము చల్లారువరకు ముచ్చటించుకొందురు. వస్త్రములతోపాటు అంతస్తులును గదిలోనే విడువబడును.

2020లో యునెస్కో సంస్థ ఫిన్లండు సౌనా సంప్రదాయమును మానవజాతి వారసత్వములలో చేర్చెను. అయినను బిరుదు పొయ్యిని రాజేయదు. కట్టెలు మోయుటకు ఊరివారి చేతులే కావలెను. విద్యార్థులారా, నలుగురు కూడు చోటు నలుగురు మోసిననే నిలుచును.