గీతల నడుమ జానెడు చోటు

నౌపడా నుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి పోవు రైలుమార్గము 1900 సంవత్సరమున ప్రారంభమైనది. ఆనాడు పట్టాల నడుమ దూరము రెండున్నర అడుగులు మాత్రమే. ఆ బుల్లి రైలులో ప్రయాణించినవారు మా ప్రాంతమున నేటికిని ఎందరో కలరు. కాలము మారి పెద్ద బండ్లు కావలసివచ్చినప్పుడు రైల్వేవారు 2004లో ఆ మార్గమును మూసివేసిరి. పాత పట్టాలు పెరికిరి. అయిదున్నర అడుగుల వెడల్పున కొత్తవి పరచి, 2011 నాటికి గుణుపురము వరకు రైలు నడిపిరి. వెడల్పైన బండి రావలెనన్న ముందుగా దారి వెడల్పు కావలెనను సంగతి పట్టాల విషయమున ఎవరికిని బోధింప నక్కరలేకపోయినది. పట్టాలు లేని బండి దగ్గరనే ఈ ఇంగితము మనకు లోపించినది.

నేను చెప్పబోవునది కార్లు నిలుపు గడులను గూర్చి. పలాస, కాశీబుగ్గ, టెక్కలి పట్టణములలో నేడు కల్యాణమండపముల ముందును, పెద్ద దుకాణముల ముందును, ఆసుపత్రుల ఆవరణలలోను తెల్లరంగుతో గీచిన గడులు కానవచ్చుచున్నవి. గుఱ్ఱములకు శాల యున్నది, రథమునకు శాల యున్నది. కారు నిలుపు చోటికి మాత్రము మనకు 'పార్కింగు' తప్ప వేరు మాట కుదురలేదు. తెలుగు బోధించువాడనై యుండియు దీనికి నేను చింతింపను. మాట ఏదైనను ఫరవాలేదు, చోటు చాలిన చాలును. సంక్రాంతికి విశాఖపట్టణము నుండియు, హైదరాబాదు నుండియు ఉద్దానపు బిడ్డలు కార్లలో ఇండ్లకు వచ్చు నాలుగు దినములలో ఆ చోటు చాలమి బాగుగా తెలియవచ్చును. "గీత లోపలే ఎట్టినాను మాస్టారూ, దిగడానికే దారి నేదు" అని ఒక డ్రైవరు నాతో అన్నాడు. ఈ సమస్య నింతకంటె క్లుప్తముగా చెప్పుట నాకు చేతకాదు.

కారునకు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు అన్నది మన దేశమున చిరకాలముగా వాడుకలో నున్న కొలత. దానియందు తప్పు లేదు. అది నాటి కార్లకు తగిన కొలతయే. 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 వెడల్పు 140 సెంటీమీటర్లకు అటునిటుగా నుండెను. అట్టివి రెండు ప్రక్కప్రక్క గడులలో నిలిచినచో నడుమ రెండు మూరలకు మించిన సందు మిగిలెడిది. ఏనుగువంటిదని మనము చెప్పుకొనిన అంబాసిడరు సయితము 166 సెంటీమీటర్లే. దాని తయారీ 2014లో నిలిచిపోయినది. నేటి క్రెటా 179. ఇన్నోవా క్రిస్టా 183. 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్ దాదాపు 192. ఇవి చెవులవలె బయటికి నిలిచిన అద్దములను లెక్కింపని కొలతలు. స్కార్పియోలు రెండు ప్రక్కప్రక్కన నిలిచిన నడుమ మిగులునది 58 సెంటీమీటర్లు. ఒక్కొక్క కారు వంతునకు జానెడు మీద కొంచెము. తలుపు తెరచుట, మనిషి దిగుట, మరల తలుపు మూయుట అన్నియు ఆ సందులోనే జరుగవలెను.

ఇది మన దేశమునకే పరిమితమైన రోగము కాదు. ఐరోపాలో అమ్ముడైన కొత్త కార్ల సగటు వెడల్పు 2018లో 177.8 సెంటీమీటర్లు కాగా, 2023 ప్రథమార్ధమున 180.3కు చేరినదని 'ట్రాన్స్‌పోర్ట్ అండ్ ఎన్విరాన్‌మెంట్' అను సంస్థ 2024 జనవరిలో వెల్లడించినది. కాని మన దేశమున దీనికొక ప్రత్యేక కారణము గలదు. 2006 బడ్జెట్టులో కేంద్రప్రభుత్వము చిన్న కార్లకు ఎక్సైజు సుంకమును 24 శాతము నుండి 16 శాతమునకు తగ్గించినది. చిన్న కారనగా నేమి? ఇంజను పరిమాణమున కొక హద్దు, పొడవు నాలుగు మీటర్లకు మించరాదని మరియొక హద్దు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడును ఆ నాలుగు మీటర్ల గీత చెక్కుచెదరలేదు. వెడల్పును ఎవరును అడుగలేదు! తయారీదారులు తెలివిగలవారు. పొడవు దగ్గర పన్ను కాపలా కాయుచుండగా తోక కత్తిరించిరి. కాపలా లేని దిక్కున, అనగా అడ్డముగాను, ఎత్తుగాను పెంచిరి. పన్ను చట్టమే దర్జీయై కారునకు చొక్కా కుట్టినట్లయినది.

అయితే వెడల్పంతయు ఆడంబరమే యనుట న్యాయము కాదు. ప్రక్కనుండి తగులు దెబ్బకు కారు తట్టుకొనవలెనను నియమము 2017 అక్టోబరు నుండి కొత్త నమూనాలకును, 2019 అక్టోబరు నుండి తక్కిన వానికిని వర్తించినది. తలుపులు దళసరి యగుటకు ఇదియు నొక కారణము. జాతీయ రహదారి మీద లారీల నడుమ ప్రయాణించు మనకు అది ప్రాణరక్షణమే. కాని దళసరి తలుపును ఎంత తెరచినను మనిషికి మిగులు దారి తక్కువ.

బజారులో ఈ ఇబ్బంది కసురుకొనుటతోను, గీరిన రంగుతోను తీరిపోవును. ఆసుపత్రి ముంగిట తీరదు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో పాఠకులకు తెలియనిది కాదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనా కేంద్రమును ప్రారంభమైనవి. నేను చెప్పునది ఏ యొక్క ఆసుపత్రిని గూర్చియు కాదు. డయాలిసిస్ చేయించుకొనువారు సాధారణముగా వారమునకు రెండు మూడు మారులు, మారుకు నాలుగు గంటలు మంచము మీద గడుపుదురు. కవిటి నుండియో, వజ్రపుకొత్తూరు నుండియో బాడుగకారులో వచ్చిన రోగి చికిత్స ముగిసి, చేతికి కట్టుతో, కాళ్లు తడబడుచు తిరిగి వచ్చునప్పుడు తలుపు జానెడే తెరచుకొనునేని ఏమి చేయవలెను? ప్రక్కన పట్టుకొని నిలుచువానికి చోటుండదు. డ్రైవరు కారును బయటికి తీసి దారికడ్డముగా నిలుపును, వెనుకనుండి హారను మ్రోగును, రోగి తొందరపడును. తొందరపడరాని మనిషి ఆ ఆవరణలో ఆమె యొక్కతెయే.

మా పలాస జీడిపిక్కల బట్టీలలో పప్పును గ్రేడు చేయు స్త్రీల నడిగిన ఈ లెక్క తేల్చివేయుదురు. 320 రకమనగా పౌను తూకమునకు సుమారు 320 పలుకులు వచ్చునది. 180 రకము లావైనది, పౌనుకు 180 మాత్రమే. లావు పలుకును అంతే లెక్కకు తూచెదనని ఏ వర్తకుడును పట్టుపట్టడు. గడులు గీయించు యజమానులు పట్టుపట్టుచున్నారు. "ఎన్ని కార్లు పట్టును?" అన్నదే వారి ప్రశ్న, ఎన్ని తలుపులు తెరచుకొనునని అడుగువారు అరుదు.

నిజమునకు నష్టమెంత? ఇరువది యెనిమిది మీటర్ల ముంగిలి యున్నదనుకొందము. రెండున్నర మీటర్ల చొప్పున పదకొండు గడులు పట్టును. ఒక్క గడిని వదులుకొన్న పది మిగులును. అందు గుమ్మమునకు దగ్గరగా నుండు దానిని 3.6 మీటర్లుగా గీయవచ్చును. వికలాంగుల కారునకు కేంద్రప్రభుత్వ మార్గదర్శకములు చెప్పు వెడల్పు అదియే. తక్కిన తొమ్మిదియు 2.7 మీటర్ల చొప్పున వచ్చును. అప్పుడు స్కార్పియోల నడుమ 78 సెంటీమీటర్ల సందు, అనగా ఇంచుమించు అంబాసిడరు నాటి సందు, మరల లభించును. మొత్తము 27.9 మీటర్లు. మిగిలిన పది సెంటీమీటర్లు రంగు పూయువాని చేయి వణకుటకు విడిచిపెట్టవచ్చును.