పైథాన్ ఇమేజ్‌కి లాట్ నంబరు

2013 మార్చి 15న అమెరికాలోని శాంటా క్లారాలో పైథాన్ ప్రోగ్రామర్ల సభ జరుగుతోంది. ఐదేసి నిమిషాల ప్రసంగాల వంతు వచ్చినప్పుడు డాట్‌క్లౌడ్ అనే చిన్న కంపెనీకి చెందిన సాలమన్ హైక్స్ వేదికెక్కి తమ కొత్త పనిముట్టు చూపించాడు. తెర మీద ‘హలో వరల్డ్’ అని రెండు మాటలు పడ్డాయి. డాకర్ పేరు లోకం వినడం అదే మొదలు.

దాని వంశం మాత్రం పాతది. ఒక ప్రోగ్రాముకు డిస్కులో ఒక మూల మాత్రమే కనిపించేలా కట్టడి చేసే సీహెచ్‌రూట్ 1979 నాటి యూనిక్స్‌లోనే ఉంది. 2000లో ఫ్రీబీఎస్‌డీ ఆ కట్టడిని మరింత బిగించి ‘జైలు’ అని పేరే పెట్టింది. గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేథ్ 2006లో మొదలుపెట్టిన సీగ్రూప్స్ 2008లో లినక్స్ కెర్నెల్‌లో చేరింది. ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ అన్నది దానితో పంచిపెట్టవచ్చు. అంటే గదులు కట్టడం అప్పటికే అందరికీ తెలుసు. ఆ గదిలోకి కావలసిన సామానంతా మూటగట్టి, దానికి పేరు పెట్టి, ఏ ఊరి సర్వర్‌కైనా పంపే దారి చూపించింది డాకర్. ఆ గది కంటైనర్, ఆ మూట కంటైనర్ ఇమేజ్.

బాపట్లలో ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి గుంటూరు మిర్చి యార్డులో తేజ, 334, బ్యాడిగి రకాలకు ఆ పూట పలికిన ధరలు చూపే ప్రోగ్రాం పైథాన్‌లో రాసిందనుకుందాం. లాప్‌టాప్‌లో చక్కగా నడుస్తుంది, సర్వర్ ఎక్కించగానే ఆగిపోతుంది. అక్కడి పైథాన్ వేరు, లైబ్రరీలు వేరు. అందుకని ఆమె ఇమేజ్ కడుతుంది. మూట ఎలా కట్టాలో చెప్పే డాకర్‌ఫైల్ మొదటి వరుసలో తనకు పైథాన్ 3.11 ఇమేజ్ ఆధారమని రాస్తుంది. ఆ ఒక్క వరుసతో వేల ఫైళ్లు వచ్చి చేరతాయి: అడుగున డెబియన్ లినక్స్, దానిమీద ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటి లైబ్రరీలు, ఆపైన పైథాన్. అన్నిటికీ పైన ఆమె రాసిన కొద్దిపాటి వరుసలు చేరతాయి. ఒకసారి కట్టిన పొర ఇక మారదు. లాప్‌టాప్‌లో నడిచింది సర్వర్‌లోనూ అచ్చం అలాగే నడవడానికి కారణం అదే. ఇమేజ్‌కు వచ్చే జబ్బులకు మూలం కూడా అక్కడే ఉంది.

ఇమేజ్ పేరుకూ లోపలి సరుకుకూ ఉన్న తేడా గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుకు సులువుగా అర్థమవుతుంది. విత్తన ప్యాకెట్ మీద రకం పేరు ఏటా ఒకటే. రైతు తిప్పి చూసేది లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, గడువు. బిల్లు మీద లాట్ నంబరు రాయించుకుంటాడు, ఎందుకంటే మొలక రాకపోతే రేపు తగువు నడిచేది దాని మీదే. ఇమేజ్‌కూ రకం పేరు, లాట్ నంబరు రెండూ ఉన్నాయి. ‘3.11’ అనే ట్యాగ్ రకం పేరు లాంటిది. ఈ నెల ఒక మూటను, వచ్చే నెల మరో మూటను చూపిస్తుంది. మూటలోని సరుకంతటి నుంచీ షా-256 లెక్కతో వచ్చే 64 అక్షరాల డైజెస్ట్ లాట్ నంబరు. లోపల ఒక్క అక్షరం మారినా డైజెస్ట్ మారిపోతుంది.

ఇదే పోలిక ఇంకో అడుగు కూడా వస్తుంది. 2006లో అనుమతి పొందిన బోల్‌గార్డ్-2 పత్తి గులాబీ రంగు పురుగును ఆపేది. పదేళ్లయ్యేసరికి పురుగు దాన్ని తట్టుకోవడం నేర్చింది. విత్తనంలోని జన్యువు ఉన్నట్టే ఉంది, పొలంలో పరిస్థితి మారింది. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం కథా అంతే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఆ కన్నం రెండేళ్లుగా ఉంది. సంగతి తెలిసిన మర్నాడు ఫైళ్లలో ఒక్క బైటు మారలేదు, కానీ కన్నమున్న ఆ వెర్షన్లు వాడుతున్న యంత్రాలన్నీ ప్రమాదంలో పడ్డాయి. సీలు వేసి ఉంది కాబట్టి భద్రంగా ఉందనుకోవడం ఇమేజ్‌ల విషయంలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

మరి కొత్త లాట్ ఎవరు తయారుచేస్తారు? డాకర్ అధికారిక ఇమేజ్‌ల వెనక టియానన్ గ్రావి, జోసెఫ్ ఫెర్గూసన్ లాంటి కొద్దిమంది ఏళ్ల తరబడి చేస్తున్న చాకిరీ ఉంది. ఏ ట్యాగ్ ఏ మూలం నుంచి కట్టాలో చెప్పే జాబితా మామూలు టెక్స్ట్ ఫైలు, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. పైథాన్ కొత్త విడుదల రాగానే ఆ ఫైలు మారుతుంది. అడుగునున్న డెబియన్ ఇమేజ్‌ను సుమారు నెలకోసారి కొత్తగా కడతారు. అప్పుడు దానిమీద నిలబడ్డ పైథాన్ ఇమేజ్‌లన్నీ మళ్లీ కట్టాల్సిందే. ప్రపంచంలో ఇన్ని సర్వర్లు ఈ పని మీద ఆధారపడుతున్నా దాన్ని తలుచుకునేవాళ్లు తక్కువ.

మన అమ్మాయి తన ఇమేజ్‌ను 2023 మేలో కట్టిందనుకోండి. జూన్‌లో డెబియన్ 12 విడుదలైంది, ‘3.11’ ట్యాగ్ దానిమీదికి మారింది. డాకర్‌ఫైల్‌లో ఒక్క అక్షరం మారకపోయినా, మళ్లీ కడితే లోపల ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 పోయి 3.0 వచ్చి కూర్చుంటుంది. పాతదాని మీదే ఆధారపడ్డ ప్రోగ్రాములు ఆ నెల మొరాయించాయి. పోనీ కదపకుండా వదిలేద్దామంటే పైథాన్ వెర్షన్ ఆయుష్షు ఐదేళ్లే. 3.8కి 2024 అక్టోబరులో నూకలు చెల్లాయి. దాని ఇమేజ్ మాత్రం ఇమేజ్‌లు నిలవ ఉండే డాకర్ హబ్‌లో అలాగే ఉంది. అడిగితే ఏ హెచ్చరికా లేకుండా దిగుతుంది. నన్నడిగితే ఇదే అసలు భయపడాల్సిన సంగతి. గడువు దాటిన ప్యాకెట్‌ను అమ్మకుండా ఆపే ఇన్‌స్పెక్టరు అక్కడ లేడు.

అలాగని కొత్తదల్లా మంచిదీ కాదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందా అని తవ్వి, ఎక్స్‌జెడ్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని పెట్టిన దొంగదారిని బయటపెట్టాడు. డెబియన్ ప్రయోగ శాఖల్లోకి అది అప్పటికే చేరింది. స్థిరమైన శాఖలో పాత ఎక్స్‌జెడ్ ఉండటంతో, దానిమీద కట్టిన పైథాన్ ఇమేజ్‌లు ప్రమాదం తప్పించుకున్నాయి. ఆ దొంగదారి ఉన్న పాత డెబియన్ ఇమేజ్‌లు కొన్ని 2025లో కూడా డాకర్ హబ్‌లో కనిపించాయి.

అందుకే అనుభవమున్నవాళ్లు డాకర్‌ఫైల్‌లో ట్యాగ్ పక్కన డైజెస్ట్ కూడా రాస్తారు. కొత్త లాట్ రాగానే డిపెండబాట్, రెనొవేట్ లాంటి బాట్‌లు ‘మారుద్దామా’ అని అడుగుతాయి. కట్టి, పరీక్షించి, ఒప్పుకోవడం మనిషి పని. అంతా అయ్యాక కూడా, నడుస్తున్న కంటైనర్ పాత ఇమేజ్‌తోనే నడుస్తూ ఉంటుంది. దాన్ని ఆపి, కొత్త ఇమేజ్‌తో ఇంకోటి మొదలుపెట్టాలి. డెబియన్ మారడం లాంటి పెద్ద మార్పును మన అమ్మాయి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేదాకా ఆపుకోవచ్చు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో కన్నం బయటపడితే మాత్రం, మార్చిలో మిర్చి బస్తాలు యార్డు నిండి రోడ్డెక్కిన రోజైనా, ఆ రాత్రే మార్చాలి.