కొండపల్లి: కోట, అడవి, బొమ్మ

భిలాయి ఉక్కు నగరాన్ని ఆనుకొని ఉన్న పట్టణం పేరు దుర్గ్. ఆ మాటకు అర్థం కోట. అయినా నేడు ఆ ప్రాంతం పేరు చెప్పగానే స్ఫురించేది కోట కాదు. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన కర్మాగారం. ఉద్యోగాలకై అక్కడికి చేరిన తెలుగువారు కోటనూ, అడవినీ, పనివానినీ ఒక్కచోట చూడదలచితే స్వదేశంలో కొండపల్లికి రావలసి ఉంటుంది.

విజయవాడకు వాయవ్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, అడవి కప్పిన కొండల నడుమ ఉన్న చిన్న ఊరు కొండపల్లి. 14వ శతాబ్దిలో రెడ్డిరాజుల కాలంనాటిదైన ఆ గిరిదుర్గం తరువాత గజపతులకు చిక్కినది. 16వ శతాబ్ది ఆరంభంలో కృష్ణదేవరాయలు దానిని జయించాడు. పిదప అది గోల్కొండ సుల్తానుల వశమైనది. 1766లో ఆంగ్లేయులు పట్టుకొన్నారు. 1859లో సైన్యాన్ని తొలగించడంతో కోట రాజకీయ జీవితం ముగిసినది.

జర్మనీలో హైడెల్‌బర్గ్ కోటను 17వ శతాబ్ది చివర ఫ్రెంచి సేనలు కూల్చినవి. దానిని మరల కట్టవలెనన్న వాదం లేచినపుడు, కళాచరిత్రకారుడు గేయోర్గ్ డెహియో 1901లో అడ్డు చెప్పాడు. శిథిలాన్ని శిథిలంగానే కాపాడుట ధర్మమని ఆయన సిద్ధాంతం. కొండపల్లి గోడలకు కూడా ఈ న్యాయం చెల్లుతుంది. కాని కొండ దిగువన ఉన్న బొమ్మల పనికి చెల్లదు. రాయి పగిలినా రాయిగానే మిగులుతుంది. చేతిపని ఒక తరంలో తెగితే మిగిలేది ప్రదర్శనశాలలోని బొమ్మ మాత్రమే.

ఆ పనికి మూలం తెల్లపొణికి అనే తేలిక కర్ర. కర్రను ఆరబెట్టి, అవయవాలను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి, రంగులు వేస్తారు. అంబారీ ఏనుగూ, దశావతారాలూ, ఎద్దులబండీ ఇట్లే పుట్టినవి. ఈ బొమ్మలకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. అయితే గుర్తింపు పత్రం చెట్టును మొలిపించదు. తెల్లపొణికి అరుదైన కొలదీ బొమ్మ ధర పెరుగుతుంది, పనివాని ఆదాయం పెరగదు. కొడుకు వేరు పని వెదుకుకొంటాడు.

ఇందులో భాషకూ నష్టమున్నది. పొణికి, మక్కు వంటి మాటలు పనివాని నోట బ్రతికినవి. కోటను గూర్చి వ్రాసేవారు రాజుల పేర్లు మరువరు. ఈ మాటలను కూడా వాటి సరసన చేర్చితే, కొండపల్లి కథ పూర్తిగా చెప్పినట్లవుతుంది.